న్యూ వేగస్ మొదటిసారి ఆడేవాళ్ళు ఏది వదులుకోవాలి?

తమ్ముడూ, నువ్వు అడిగినవన్నీ ముందు ఒక దగ్గర పెడతాను, మిగతావాళ్ళకీ తెలుస్తుంది. బెజవాడ పటమటలో ఉంటావు, డిప్లొమా చదువుతున్నావు. సెలవుల్లో ‘ఫాలౌట్: న్యూ వేగస్’ అనే కంప్యూటర్ ఆట అల్టిమేట్ ఎడిషన్ (అదనపు కథలన్నీ కలిపి వచ్చేది) కొని మొదలుపెట్టావు. గుడ్‌స్ప్రింగ్స్ ఊరు దాటగానే దూరంగా వేగస్ టవర్ కనపడుతోందని ఉత్తరంగా నడిచావు. నారింజ రంగు రెక్కల పెద్ద కందిరీగలు కుట్టి చంపేస్తున్నాయి. మొదట్లో పాయింట్లన్నీ సమానంగా పంచావు, మొదట్లోనే పెంచుకోవడానికి ఎంచుకునే మూడు స్కిల్ ట్యాగ్‌లూ ఆయుధాలకే పెట్టావు. ఇంగ్లీషు సంభాషణలు ఎక్కువని దాటేస్తున్నావు. ఎవరి పక్షం చేరాలో అర్థం కావడం లేదు. పాత ల్యాప్‌టాప్‌లో ఆట మధ్యమధ్య దానంతటదే మూసుకుపోతోంది. “అక్కా, మళ్ళీ మొదటి నుంచి ఆడాలా, లేక దీన్ని వదిలేసి ఫాలౌట్ 4కి పోవాలా” అన్నది అసలు ప్రశ్న.

మళ్ళీ మొదలుపెట్టు. ఆట మాత్రం వదలకు. ఇది 2010 అక్టోబరులో విడుదలైంది. అప్పటి నుంచి గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో ఎన్ని కంప్యూటర్లు మారినా ప్రతిదాంట్లోనూ ఈ ఆట ఉంటూనే ఉంది. బలహీనమైన క్యారెక్టర్‌తో కూడా చివరిదాకా వెళ్ళొచ్చు, అందుకని భయపడి మళ్ళీ మొదలుపెట్టమని అనడం లేదు. నీ ఇబ్బందులన్నిటికీ వేరు ఒక్కటే: అన్నీ కాస్త కాస్త చేతిలో ఉండాలనుకున్నావు. న్యూ వేగస్ తయారైన తీరే దానికి ఎదురు. ఏ తాళం నీ వల్ల కాదో, ఎవరితో శత్రుత్వం తప్పదో, ఏ దారి ఇప్పుడే వద్దో నువ్వు తేల్చుకున్నప్పుడే ఈ ఆట నీతో మాట్లాడటం మొదలవుతుంది.

మొదటి గంట మళ్ళీ చూడక్కర్లేదు. గుడ్‌స్ప్రింగ్స్ పొలిమేర దాటబోతుంటే ఆట ఒకసారి ఆపి, నీ క్యారెక్టర్‌ని మార్చుకుంటావా అని చివరిసారి అడుగుతుంది. అంతకుముందు సేవ్ ఏదైనా మిగిలి ఉంటే లోడ్ చేసి, ఆ ప్రశ్న వచ్చినప్పుడు పాయింట్లు తిరగరాసుకో. ఆ దశలోదే ఇంకో సేవ్ విడిగా దాచుకుంటే, రేపెప్పుడో వేరే రకం మనిషిగా ఆడాలనిపించినప్పుడు ఆట మొదలయ్యే డాక్టర్ మిచెల్ ఇంట్లోంచి మళ్ళీ మొదలుపెట్టే పని ఉండదు.

పాయింట్ల సంగతి కొంచెం లెక్కతో చెప్తాను. నీ ఇబ్బంది సగం ఇక్కడే ఉంది. ఏడు గుణాలకీ కలిపి 40 పాయింట్లు. నువ్వు చేసినట్టు అన్నీ 5, 6 దగ్గర ఉంచితే ఏ పనిలోనూ ప్రత్యేకత ఉండని మనిషి తయారవుతాడు. మొదటిసారికి నేను చెప్పేది ఇది: స్ట్రెంత్ 5, పర్సెప్షన్ 5, ఎండ్యూరెన్స్ 7, కరిస్మా 1, ఇంటెలిజెన్స్ 8, ఎజిలిటీ 7, లక్ 7. కూడి చూసుకో, 40 వస్తుంది. కరిస్మా ఒకటే ఏమిటి, మరి మనుషులతో ఎలా మాట్లాడతాను అంటావు. ఏ స్కిల్ అయినా మొదలయ్యే అంకెకి సూత్రం ఉంది: 2, దానికి ఆ గుణం రెట్టింపు కలుపు, లక్‌లో సగం (అర వస్తే పై అంకె) కలుపు. కరిస్మా 1, లక్ 7 అయితే స్పీచ్ 8 దగ్గర మొదలవుతుంది. కరిస్మా 5 పెట్టినా 16 మాత్రమే. నాలుగు పాయింట్లు ధారపోస్తే వచ్చిన తేడా 8. ఇంటెలిజెన్స్ 8 ఉన్నవాడికి ఒక్కో లెవెల్‌కీ 14 స్కిల్ పాయింట్లు వస్తాయి. ఒక్క లెవెల్‌తో ఆ తేడా పూడిపోతుంది. కరిస్మా తక్కువైతే వెంట వచ్చే కంపానియన్ల బలం కొంచెం తగ్గుతుంది, అది ఓర్చుకోదగ్గ నష్టం.

ఎండ్యూరెన్స్ 7 ఎందుకంటే, ముందు ముందు వేగస్ పక్కన ఒక క్లినిక్‌లో గుణాలు పెంచే ఇంప్లాంట్లు అమ్ముతారు. ఎన్ని పెట్టించుకోవచ్చన్నది నీ ఎండ్యూరెన్స్ అంకె మీదే ఆధారపడుతుంది. గుణం పెంచేది ఒక్కోటీ 4000 క్యాప్స్ (ఆటలో డబ్బు అదే). ఖరీదే, కానీ శాశ్వతం. లక్ 7 ఉన్నవాడికి జూదం కలిసొస్తుంది కాబట్టి క్యాసినోల్లో ఆ డబ్బు పుట్టించడం కష్టం కాదు. బాగా గెలిచాక ఇక నీతో ఆడేది లేదని వాళ్ళే ఆపేస్తారు, అప్పటికి నీకు కావాల్సింది చేతికొచ్చి ఉంటుంది.

ట్యాగ్‌లు మూడు. ఒక్కోటీ ఆ స్కిల్‌కి 15 కలుపుతుంది. నువ్వు గన్స్, ఎనర్జీ వెపన్స్, మెలీ మూడూ పెట్టావు. ఒక చేత్తో మూడు ఆయుధాలు ఎలా పడతావు? గన్స్ ఒక్కటి చాలు. దానికి తోడు స్పీచ్, రిపేర్ పెట్టుకో. పై లెక్క ప్రకారం గన్స్ 35, రిపేర్ 37, స్పీచ్ 23తో బయల్దేరతావు. రిపేర్‌ని చాలామంది పట్టించుకోరు. ఈ ఎడారిలో తుపాకీ వాడేకొద్దీ పాడవుతుంది, పాడైన తుపాకీ దెబ్బ తగ్గుతుంది, అమ్మబోతే రేటు పలకదు. రిపేర్ ఉన్నవాడు చచ్చిన దొంగల దగ్గర దొరికిన రెండు చెత్త తుపాకుల్ని కలిపి ఒక మంచిది చేసుకుంటాడు. రిపేర్ 90, లెవెల్ 14కి చేరాక జ్యూరీ రిగ్గింగ్ అనే పెర్క్ (అదనపు సామర్థ్యం) తీసుకో. అదే జాతికి చెందిన ఏ చవక ఆయుధంతోనైనా నీ ఖరీదైన ఆయుధాన్ని బాగుచేసుకోవచ్చు. ఆ తర్వాత డబ్బుకి కొరత ఉండదు.

తాళాల విషయంలో ఒక్క మాట. లాక్‌పిక్ మెట్లు 25, 50, 75, 100. నీకు 55 ఉన్నా 70 ఉన్నా తెరుచుకునే తాళాలు అవే. కాబట్టి మెట్టు చేరగానే ఆగి, మిగిలిన పాయింట్లు వేరేదానికి వెయ్యి. కంప్యూటర్ టెర్మినళ్ళకి కావాల్సిన సైన్స్ కూడా అంతే. దారిలో దొరికే మ్యాగజీన్లు అమ్మేయకు. ఒకటి చదివితే కాసేపు ఆ స్కిల్ 10 పెరుగుతుంది, 40 ఉన్నవాడు కూడా 50 తాళం తీసేస్తాడు. పుస్తకాలు వేరు, అవి శాశ్వతంగా 3 పెంచుతాయి.

ఇక నీ కందిరీగలు. వాటి పేరు కాజడోర్. వాటికి కొంచెం పక్కగా, పాత హైవే మీద స్లోన్ దగ్గర ఉన్న క్వారీలో డెత్‌క్లాలు ఉంటాయి, అవి ఇంకా ప్రమాదం. ఇదేదో ఆటలో లోపం అనుకోకు. వేగస్ కళ్ళెదుట కనిపించినా తిన్నగా పోలేవు. ఊళ్ళో వాళ్ళు చెప్తారు, స్లోన్‌లో పనివాళ్ళు అడ్డుకుని మరీ చెప్తారు. నువ్వు సంభాషణలు దాటేశావు కాబట్టి వినలేదు. గుడ్‌స్ప్రింగ్స్ బడిలో ఉన్న సేఫ్‌లో దొరికే, కాసేపు కనపడకుండా చేసే స్టెల్త్ బాయ్ వాడుకుని దొంగచాటుగా ఉత్తరం దాటేవాళ్ళు ఉన్నారు. రెండోసారో మూడోసారో ఆడేవాళ్ళకి అది బాగుంటుంది. ఎప్పుడైనా కాజడోర్‌తో తప్పకపోతే రెక్కలకి గురిపెట్టు, రెక్క విరిగితే ఎగరలేదు. విషానికి యాంటీవెనమ్ దగ్గర ఉంచుకో.

నువ్వు వెళ్ళాల్సింది దక్షిణం. ప్రిమ్, మొహావీ అవుట్‌పోస్ట్, నిప్టన్, అక్కణ్ణుంచి తూర్పుకి తిరిగి పైకి నోవాక్, బౌల్డర్ సిటీ, చివరికి వేగస్. చుట్టు దారే. అయినా ఈ ఆట రాసినవాళ్ళ పనితనం అంతా ఈ చుట్టు దారిలోనే ఉంది. వీటిలో నోవాక్ తప్ప మిగతా ఊళ్ళు చాలావరకు నిజంగా ఉన్నవే. గుడ్‌స్ప్రింగ్స్, ప్రిమ్ నెవాడాలోనూ, నిప్టన్ కాలిఫోర్నియా అంచులోనూ ఉన్నాయి. గుడ్‌స్ప్రింగ్స్‌లో 1913లో మొదలైన పయనీర్ సెలూన్ ఇప్పటికీ ఉంది. నువ్వు ఆటలో వెళ్ళిన ప్రాస్పెక్టర్ సెలూన్‌కి ఆధారం అదే. కథలో 2077 అక్టోబరు 23న అణుబాంబులు పడ్డాయి, నువ్వు నడుస్తున్నది 2281లో. రెండు శతాబ్దాల తర్వాత కూడా రోడ్లు, ఊళ్ళు గుర్తుపట్టేలా ఉంటాయి, అందుకే ఆ నడక అంత బరువుగా అనిపిస్తుంది.

ఈ దారిలో ఒక్కో ఊరు నీకు ఒక్కో సమస్య చూపిస్తుంది. ప్రిమ్‌లో చట్టం లేదు, జైలు నుంచి పారిపోయిన ఖైదీలు హోటల్ ఆక్రమించారు. వాళ్ళని వెళ్ళగొట్టాక ఊరికి షెరీఫ్ ఎవరన్నది నీ మీద పడుతుంది. పడమటి రాజ్యమైన ఎన్‌సీఆర్ సైన్యాన్ని పిలవొచ్చు, వాళ్ళు పన్ను వేస్తారు. ఒకప్పుడు షెరీఫ్‌గా పనిచేసి ఇప్పుడు జైల్లో ఉన్న మేయర్స్‌ని తేవచ్చు. సైన్స్ ఉంటే ఊళ్ళోని పాత రోబోని ఆ పనికి పెట్టొచ్చు. ఏది ఎంచుకున్నా ఆట చివర్లో ప్రిమ్ ఏమైందో చెప్తారు. నిప్టన్ ఎలా ఉంటుందో నేను చెప్పను. అక్కడ లీజన్ అనే తూర్పు సైన్యం చేసింది నీ కళ్ళతోనే చూడాలి. ఒక్క హెచ్చరిక: అక్కడ ఎదురయ్యే లీజన్ నాయకుడి మీద కోపం ఎంత వచ్చినా నాలుగో లెవెల్‌లో తుపాకీ తియ్యకు. మాట విని, బుర్రలో పెట్టుకుని ముందుకి నడువు. నోవాక్‌లో పెద్ద డైనోసార్ బొమ్మ నోట్లో నిలబడి రాత్రిపూట కాపలా కాసే బూన్ అనే స్నైపర్ ఉంటాడు. అతని కథ పూర్తి చేస్తే నీ వెంట వస్తాడు, మొదటిసారి ఆడేవాడికి అంతకంటే మంచి తోడు దొరకడు. ఒకటి మాత్రం గుర్తుంచుకో, బూన్ వెంట ఉంటే లీజన్‌తో స్నేహం కుదరదు. ప్రిమ్‌లోనే ఈడీ-ఈ అనే చిన్న ఎగిరే రోబో ఉంది, దాన్ని బాగుచేయడానికి రిపేర్ స్కిల్ పనికొస్తుంది. అది తోడుంటే శత్రువులు చాలా దూరం నుంచే కంపాస్ మీద కనిపిస్తారు.

ఇలా వేగస్ చేరేసరికి ఎన్‌సీఆర్ సైనికుడు ఎందుకు అలసిపోయాడో, లీజన్ పేరు చెబితే జనం ఎందుకు వణుకుతారో నీకు తెలిసి ఉంటుంది. తిన్నగా ఉత్తరం నుంచి వెళ్ళినవాడికి వేగస్ నడిబొడ్డున ఉన్న స్ట్రిప్ అంటే లైట్లు, క్యాసినోలు. వాడికి అక్కడ ఎవరి మాటా పట్టదు.

పోరాటంలో నువ్వు చూడాల్సిన గుర్తు ఒకటుంది. కొట్టేటప్పుడు శత్రువు ప్రాణం చూపించే గీత పక్కన ఎర్ర డాలు బొమ్మ వస్తే, నీ తూటా అతని కవచాన్ని దాటడం లేదని అర్థం. కవచానికి డీటీ అని ఒక అంకె ఉంటుంది. ప్రతి తూటా దెబ్బలోంచి ఆ అంకె తీసేస్తారు, ఎంత తీసినా కనీసం 20 శాతం తగులుతుంది. అందుకే చిన్న తూటాలు గుమ్మరించినా కవచం ఉన్నవాడు చావడు. డాలు బొమ్మ కనపడగానే ఆర్మర్ పియర్సింగ్ తూటాలకి మారు, లేదా ఒక్కో దెబ్బ గట్టిగా పడే రైఫిల్ తియ్యి. ఒంటి మీద కవచం లేని జంతువులకి హాలో పాయింట్. ఇది తెలియక ‘నా గన్ పనిచేయట్లేదు’ అనుకుని ఆట ఆపేసినవాళ్ళు చాలామంది నాకు తెలుసు.

ఇంగ్లీషు సంగతికి వస్తాను. నా మనసుకి దగ్గరైంది ఇదే. ఈ ఆటకి తెలుగు లేదు, నిజమే. కానీ మాటలు దాటేస్తే ఇందులో మిగిలేది పాతబడిన తుపాకీ ఆట ఒక్కటే, ఆ మాత్రానికైతే ఇంతకంటే బాగా కాల్చే ఆటలు బోలెడున్నాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి సబ్‌టైటిల్స్ రెండూ ఆన్ చెయ్యి. మాట పూర్తయ్యాక నువ్వు ఎంచుకోవాల్సిన జవాబులు తెర మీద అలాగే ఉంటాయి, నిన్నెవరూ తొందరపెట్టరు. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఎవరు ఏ ఊరు, ఏం కావాలన్నారు అని తెలుగులోనే రెండు ముక్కలు రాసుకో. నేను ఇప్పటికీ రాసుకుంటాను. పది మందితో మాట్లాడేసరికి పదాలు తిరిగి తిరిగి అవే వస్తుంటాయి, చదవడం దానంతటదే వేగం అందుకుంటుంది. చెల్లో తమ్ముడో పక్కన ఉంటే పైకి చదివి వినిపించు, జవాబు ఏది చెప్పాలో ఇద్దరూ కలిసి ఆలోచించండి. అలా ఆడితే ఇంకా బాగుంటుంది.

నువ్వు దాటేసిన గుడ్‌స్ప్రింగ్స్‌నే తీసుకో. రింగో అనే వ్యాపారి పెట్రోలు బంకులో దాక్కున్నాడు, జో కాబ్ అనే దొంగ అతణ్ణి అప్పగించమంటున్నాడు. నువ్వు రింగో పక్షాన నిలబడితే ఊరివాళ్ళ సాయం అడగొచ్చు. స్పీచ్ 25 ఉంటే సెలూన్ నడిపే ట్రూడీ మనుషుల్ని కూడగడుతుంది. బార్టర్ 25 ఉంటే కొట్టు నడిపే చెట్ సరుకు ఇస్తాడు. ఎక్స్‌ప్లోజివ్స్ 25 ఉంటే ఈజీ పీట్ దాచుకున్న డైనమైట్ బయటికి తీస్తాడు. డాక్టర్ దగ్గర మందులు దొరుకుతాయి. అన్నీ ఒక్కడికి ఉండవు. నీకున్న ఒకటో రెండో పట్టుకుని పోరాడతావు, కాబట్టి నీ గుడ్‌స్ప్రింగ్స్ యుద్ధం నాదానిలా ఉండదు. అటు చూస్తే జో కాబ్‌తో చేరి ఊరినే దోచుకునే దారీ ఉంది. ఇదంతా మొదటి ఊళ్ళోనే. జవాబు పక్కన నీ స్కిల్ ఎంత, కావాల్సింది ఎంత అని అంకెలు చూపిస్తారు. ఫాలౌట్ 3లో అయితే అది శాతాల మీద అదృష్టం, పాత సేవ్ లోడ్ చేసుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు తగిలేది. ఇక్కడ ఉంటే ఉంది, లేకపోతే లేదు. నాకు ఈ పద్ధతే నిజాయితీగా అనిపిస్తుంది.

ఎవరి పక్షం చేరాలన్నావు. ఇప్పుడే తేల్చుకోకు. ప్రతి ఊరికీ, ప్రతి పక్షానికీ నీ మీద మంచిపేరు, చెడ్డపేరు విడివిడిగా లెక్కలో ఉంటాయి. మంచి చేసినంత మాత్రాన పాత చెడ్డపేరు చెరిగిపోదు. అయితే నువ్వు స్ట్రిప్ చేరి అక్కడి మొదటి వ్యవహారం తేల్చాక ఎన్‌సీఆర్, లీజన్ రెండూ మనుషుల్ని పంపి అంతవరకూ జరిగింది మాఫీ చేస్తాయి. అసలు ఎంపిక అక్కణ్ణుంచే మొదలవుతుంది. అప్పటిదాకా ఒక్క జాగ్రత్త చాలు: చచ్చినవాడి యూనిఫాం బాగుందని తొడుక్కోకు. ఎన్‌సీఆర్ దుస్తుల్లో లీజన్ ముందుకి వెళితే మాట కూడా రానివ్వకుండా కాలుస్తారు, అటుది ఇటు వేసుకున్నా అంతే.

పోరాటమంతా హూవర్ డ్యామ్ కోసం. 1936లో పూర్తయిన ఆ ఆనకట్ట కొలరాడో నది మీద నిజంగానే ఉంది. ఆటలో అది పాడవకుండా మిగిలింది, కరెంటూ నీళ్ళూ అక్కణ్ణుంచే. అందుకని పడమటి నుంచి ఎన్‌సీఆర్, తూర్పు నుంచి లీజన్, మధ్యలో వేగస్‌ని ఏలే మిస్టర్ హౌస్ దాని మీద కన్నేశారు. ఈ ముగ్గురూ వద్దనుకుంటే యెస్ మ్యాన్ అనే రోబో సాయంతో వేగస్‌ని స్వతంత్రంగా నిలబెట్టే దారి ఉంది. 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ గేట్లను చూస్తూ బతికిన ఊరు మనది, ఈ గొడవ మనకి ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

వేగస్ చేరాక క్యాంప్ మెకారన్‌లో లెఫ్టినెంట్ బోయిడ్ ఒక పని ఇస్తుంది, తప్పకుండా చెయ్యి. తప్పిపోయిన ఒక సైనికుణ్ణి వెతకమంటుంది. అతను ఎన్‌సీఆర్ కౌలు పొలాలకి అందాల్సిన నీళ్ళు ఎటు పోతున్నాయో ఆరా తీస్తూ మాయమయ్యాడు. పొలాల దగ్గరికి వెళితే రైతు ఒకడు మళ్ళు ఎండిపోతున్నాయని మొత్తుకుంటాడు. కాలువ శివారున వంతు నీళ్ళ కోసం లాకుల వైపు చూస్తూ కూర్చున్న రైతు ఎలా ఉంటాడో, అచ్చం అలాగే. నువ్వు ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో కనిపెట్టాక తెలుస్తుంది, అటు వైపు ఉన్నదీ దొంగలు కారు, బతకడానికి నానా తంటాలు పడుతున్న పేద వాడ. నేరం జరిగింది, చేసినవాడి కారణం విన్నాక అతణ్ణి అప్పగించాలా వద్దా అని చెయ్యి ఆగిపోతుంది. గోదారి, కృష్ణా డెల్టాల్లో పుట్టినవాళ్ళకి ఈ ఒక్క క్వెస్ట్ తాకినంతగా ఇంకెవరికీ తాకదని నేను నమ్ముతాను. ఇలాంటి చోట వాక్‌త్రూ చూసి ‘మంచి జవాబు’ వెతుక్కోకు. నీకు న్యాయం అనిపించింది చెయ్యి, ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడు. మొదటిసారి ఆడేటప్పుడు యూట్యూబ్ గైడ్లు అసలు తెరవకుండా ఉండగలిగితే మరీ మంచిది. దారి తప్పితే మ్యాప్ ఉంది, మనుషులున్నారు.

హార్డ్‌కోర్ మోడ్ పెట్టాలా అని నువ్వు అడగలేదు, అయినా చెప్తాను, పెట్టు. డిఫికల్టీ నార్మల్‌లోనే ఉంచి హార్డ్‌కోర్ ఆన్ చెయ్యి. డిఫికల్టీ పెంచితే శత్రువుని చంపడానికి ఎక్కువ తూటాలు కావాలి, వాడి దెబ్బ నీకు గట్టిగా తగులుతుంది, అంతే. హార్డ్‌కోర్ అయితే ఆకలి, దాహం, నిద్ర లెక్కలోకి వస్తాయి. మూడింటికీ విడివిడిగా అంకె పెరుగుతూ పోతుంది, ఏది 1000కి చేరినా చావే. తూటాలకి బరువు ఉంటుంది, స్టిమ్‌పాక్ అనే సూది మందు వేసుకుంటే గాయం మెల్లగా మానుతుంది, విరిగిన చెయ్యి బాగవడానికి డాక్టరో, డాక్టర్స్ బ్యాగో కావాలి. వెంట వచ్చినవాళ్ళు చనిపోతే ఇక తిరిగి రారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండని ఎరిగినవాళ్ళం మనం, మొహావీలో నీళ్ళ సీసా చూసుకోకుండా బయల్దేరడం మనకే వింతగా ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చుట్టూ నీళ్ళే ఉన్నా తాగే నీళ్ళ కోసం పడవలకి ఎదురుచూసిన జనం మన మధ్యే ఉన్నారు. శుభ్రమైన నీళ్ళకి ఈ ఆట ఇచ్చే విలువ వాళ్ళకి అతిగా అనిపించదు. ఆటలో కూడా కనపడ్డ నీళ్ళన్నీ తాగకు. చెయ్యికున్న పిప్-బాయ్ అనే పరికరం టకటకమంటే రేడియేషన్ ఉన్నట్టు. గుడ్‌స్ప్రింగ్స్ బావుల దగ్గర నీళ్ళు మంచివి, తర్వాత లేక్ మీడ్ నీళ్ళు మంచివి. గుడ్‌స్ప్రింగ్స్‌లో సన్నీ స్మైల్స్ అనే అమ్మాయి నేర్పే హీలింగ్ పౌడర్‌ని తక్కువ చేసి చూడకు. బ్రాక్ పువ్వు, జాండర్ వేరు కనపడ్డప్పుడల్లా కోసుకో, మొదటి పది లెవెళ్ళు అదే కాపాడుతుంది.

ఆట మూసుకుపోవడం గురించి. తప్పు నీ ల్యాప్‌టాప్‌ది ఒక్కదానిదే కాదు. ఈ ప్రోగ్రాం 32-బిట్ కాలంనాటిది, మామూలుగా 2 జీబీ మెమరీకి మించి వాడుకోలేదు, నిండగానే కూలిపోతుంది. 4 జీబీ ప్యాచర్ అనే చిన్న ఉచిత ఫైల్ ఒకసారి నడిపితే ఆ హద్దు పెరుగుతుంది. జీఓజీ అనే ఆన్‌లైన్ కొట్లో కొన్నదైతే అది ముందే చేసి ఉంటుంది. స్టీమ్ కాపీ అయితే ముందు ఆటని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ బయట ఇన్‌స్టాల్ చెయ్యి, తర్వాత ప్యాచర్, తర్వాత ఎక్స్‌ఎన్‌వీఎస్‌ఈ, జేఐపీ ఎల్‌ఎన్, ఎన్‌వీ టిక్ ఫిక్స్, బగ్గులు సరిచేసే యప్ అనే మోడ్లు (అభిమానులు చేసిన చేర్పులు). అక్కడితో ఆగు. బొమ్మలు అందంగా కనిపించే మోడ్లు మొదటిసారి పెట్టకు, ఏది పాడైతే ఎందుకు పాడైందో తెలియదు. సెకనుకి ఫ్రేములు 60కి మించనీయకు, అంతకు మించితే ఈ ఇంజిన్‌లో వస్తువుల కదలిక దెబ్బతింటుంది. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి ఆడొద్దు, బల్ల మీద పెట్టి ఫ్యాన్ గాలి తగలనివ్వు. మే నెల మధ్యాహ్నం బెజవాడ గదిలో ఏ పాత మెషీన్ అయినా వేడికి నెమ్మదిస్తుంది, పొద్దున్నో రాత్రో ఆడుకో. కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో చూసుకుని, ఎఫ్5 క్విక్‌సేవ్‌నే నమ్ముకోకుండా మెనూలోకి వెళ్ళి కొత్త స్లాట్‌లో సేవ్ చేస్తుండు. ప్రతి ఊరు చేరగానే ఒకటి.

ఫాలౌట్ 4కి పోవాలా అన్నావు. 2015లో వచ్చిన ఆట, తుపాకీ కాల్చడం దానిలో చాలా బాగుంటుంది, ఊళ్ళు కట్టుకోవచ్చు, బోస్టన్ శిథిలాలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ మాట్లాడేటప్పుడు నాలుగు చిన్న ముక్కల్లోంచి ఒకటి ఎంచుకోవడమే, నువ్వు ఏ స్కిల్ నేర్చుకున్నావన్నదానికి అక్కడ పెద్దగా విలువ లేదు. నీ ల్యాప్‌టాప్‌కి బరువు కూడా. న్యూ వేగస్ అయ్యాక తీరిగ్గా ఆడు. ఫాలౌట్ 76 ఆన్‌లైన్ ఆట, దాని దారి వేరు.

అల్టిమేట్ ఎడిషన్ కొన్నావు కాబట్టి మొదట్లోనే పిప్-బాయ్‌లో కొత్త కథల సిగ్నళ్ళు వచ్చి ఉంటాయి. వాటి వెంట ఇప్పుడే పరుగెత్తకు. ఆనెస్ట్ హార్ట్స్ 10వ లెవెల్ దాటాక, ఓల్డ్ వరల్డ్ బ్లూస్ 15 దాటాక, డెడ్ మనీ 20 దగ్గర. డెడ్ మనీలో నీ సామానంతా లాగేసుకుంటారు, కథ పూర్తయ్యేదాకా బయటికి రానివ్వరు, అందుకని ఆ గుమ్మం దాటేముందు సేవ్ తప్పనిసరి. లోన్‌సమ్ రోడ్ అన్నిటికంటే చివర, మిగతా మూడింట్లో వినపడిన సంగతులు అక్కడికి వచ్చి కలుస్తాయి.

హూవర్ డ్యామ్ మీద ఆఖరి యుద్ధానికి ముందు ఆట నిన్ను హెచ్చరిస్తుంది. ఆ గీత దాటాక మళ్ళీ ఎడారిలో తిరగడం ఉండదు, నువ్వు చేసినవాటిని బట్టి ఊరూరికీ ఏం జరిగిందో చూపించి ముగించేస్తారు. కాబట్టి చేయాలనుకున్న పనులు అంతకుముందే పూర్తి చేసుకుని, ఆ హెచ్చరిక దగ్గర ఒక సేవ్ విడిగా ఉంచు. ముందు ప్రిమ్ దాకా వెళ్ళు. దారిలో ఎక్కడైనా చిక్కుకుంటే నీ లెవెల్, గన్స్ స్కిల్, చేతిలో ఏ తుపాకీ, ఏ తూటాలు ఉన్నాయో రాసి అడుగు, అవి తెలిస్తేనే సరైన సలహా ఇవ్వగలను.